గుట్ట రోడ్డుకు డాంబరు పడిన ఏడు

మొన్న మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు వేశారు. పొద్దున్నే లారీలు వచ్చి నిలబడ్డాయి. మధ్యాహ్నానికల్లా వేడి డాంబరు వాసన మూడో అంతస్తు దాకా ఎక్కింది. కోడలు వచ్చి కిటికీలన్నీ మూసింది. "మీకు దగ్గొస్తుంది అత్తమ్మా" అంది. ఆమె వంటింట్లోకి పోగానే నేను ఒక కిటికీ తెరిచాను.

ఈ వయసులో నాకు దేని మీదా పెద్ద కోరిక లేదు. తిండి సయించదు. పట్టిన నిద్ర నిలవదు. ఎదుటివాళ్ళ మాటలు సగం వినిపిస్తాయి, మిగతా సగం వినాలని కూడా అనిపించదు. కానీ ఆ వాసన ముక్కుకు తగిలేసరికి కుర్చీలో కూలబడి, చీకటి పడేదాకా లేవలేదు. మా గుట్ట రోడ్డుకు డాంబరు పడిన ఏడు కళ్ళ ముందుకు వచ్చింది.

నిజామాబాదులో మా ఇల్లు గుట్ట రోడ్డు మీద, సగం ఎత్తులో ఉండేది. పెద్దవాళ్ళు ఊరిని ఇంకా ఇందూరనే అనేవాళ్ళు. ఆ రోడ్డు బజారు చివర బొగ్గుల దుకాణం పక్కన మొదలయ్యేది. గుట్ట నడుము చుట్టూ రెండు మలుపులు తిరిగి, పైన గుడి ముందుకు పోయి ఆగిపోయేది. అంతకన్నా పోవడానికి దానికి చోటు లేదు. ఒక పక్క బండలు, కొన్ని మా ఇంటికన్నా పెద్దవి. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. రెండో పక్క నడుమెత్తు రాతి గోడ. గోడ మీద చేతులు పెట్టుకుని వంగితే కింద ఊరంతా కనిపించేది. పెంకుల కప్పులు, మసీదు మినార్లు, రైలు పట్టాలు, వాటికి అవతల వరి మడులు, ఇంకా అవతల మసక మసకగా చెరుకు.

ఆ రోడ్డును ఎవరు వేశారన్నది తేలని సంగతి. రాజుల కాలంలో ఏనుగులు నడిచీ నడిచీ పడిన బాట అని మా అవ్వ చెప్పేది. కాదు, ఖైదీలు రాళ్ళు కొట్టి వేసిన రోడ్డని టాంగా చాచా అనేవాడు. మా బడి పంతులేమో, నిజాం కాలంలో ఒక పెద్ద అధికారి భార్య సాయంత్రంపూట గాలికి తిరగాలని ముచ్చటపడితే వేయించాడని పాఠం మధ్యలో చెప్పాడు. ముగ్గురికీ ఒకరి మాట ఒకరికి గిట్టేది కాదు. నాకు మూడూ నిజమే అనిపించేది.

పొద్దున ఆ రోడ్డు ఆడవాళ్ళది. పైన నల్లాలు లేవు కాబట్టి కింద బజారు నల్లా నుంచి బిందెలు నెత్తిన పెట్టుకుని ఎక్కేవాళ్ళు. మాట్లాడితే ఆయాసం వస్తుందని ఎక్కేటప్పుడు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. దాచుకున్న మాటలన్నీ దిగేటప్పుడు మాట్లాడుకునేవాళ్ళు. ఎండ ఎక్కాక రోడ్డు ఖాళీ అయిపోయేది. అప్పుడు ప్రతి అరుగు మీదా ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపించేవాళ్ళు. తడిపిన తునికాకు వాసన ఇళ్ళ గోడలకు పట్టి ఉండేది. పసుపు వచ్చే రోజుల్లో సాయంత్రం గాలి కింది నుంచి, పసుపు అమ్మే గంజి బజారు దిక్కు నుంచి వీచేది. అప్పుడు ఆరేసిన చీరలకు కూడా పచ్చి పసుపు వాసన వేసేది.

మా బాపు, అంటే నాన్న, బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర గుమాస్తా. చెరుకు ఆడే కాలమంతా అక్కడే ఉండి, వారానికో పూట రైల్లో వచ్చేవాడు. వస్తే ఆయన చొక్కా నుంచి చెరుకు మడ్డి వాసన వచ్చేది. ఫ్యాక్టరీ ఆగిన తర్వాత, ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఇంటి పట్టునే ఉండేవాడు. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి. ఏదో ఒకటి బాగు చేయడానికి చూసేవాడు, బాగున్నవాటిని కూడా.

అవ్వ అంటే బాపు తల్లి. ఒకప్పుడు మెట్ల మీద జారిపడి తుంటి దెబ్బతిన్నది. ఇంట్లో గోడ పట్టుకుని నడిచేది గాని రోడ్డు ఎక్కలేకపోయేది, దిగలేకపోయేది. అయినా ప్రతి శనివారం గుట్ట మీది గుడికి పోవలసిందే. దేవుడి ముందు ఆమె ఎక్కువ సేపు నిలబడేది కాదు. దండం పెట్టుకుని వెంటనే వెనక వైపు బండ మీదికి పోయి కూర్చునేది. అక్కడి నుంచి ఎడపల్లి దిక్కు కనిపిస్తుంది. ఆమె పుట్టిల్లు అటువైపే. అన్నదమ్ములు పోయారు, ఇల్లు కూలింది, పోవడానికి అక్కడ ఎవరూ లేరు. వారానికోసారి దూరం నుంచి ఆ దిక్కు చూసి వచ్చేది, అంతే.

ఆమెను పైకి తీసుకుపోయేది టాంగా చాచా. మొదటి మలుపు కింద, రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. ఆయన తాత కాలం నుంచి వాళ్ళు ఆ రోడ్డు వాళ్ళే. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఎర్రమట్టి రంగు ఆడగుర్రం ఒకటి ఉండేది. దాన్ని పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు, "బేటీ" అనేవాడు. భార్యను ఖాలా అని మేమందరం పిలిచేవాళ్ళం. ఆమె చుట్టినంత తొందరగా ఆ రోడ్డులో ఎవరూ బీడీ చుట్టలేరు. వాళ్ళ బిడ్డ నా ఈడుది. మేమిద్దరం ఒకే బడి, ఒకే అల్లరి.

శనివారం పొద్దున టాంగా మా అరుగు ముందు ఆగేది. ఎక్కినప్పటి నుంచి గుడి దాకా అవ్వా చాచా పోట్లాడుకునేవాళ్ళు.

"బీడీ బంద్ జెయ్‌రా. పొగంత నా మొకానికే కొడ్తున్నది" అనేది అవ్వ.

"గాలికి చెప్పవ్వా, నాకెందుకు చెప్తవ్? నేను మొకం ముంగటికి పెట్టి ఊదుతున్న."

"పోయినారం గూడ గిదే చెప్పినవ్."

"పోయినారం గూడ గాలి గట్లనే ఉన్నది మరి."

గుర్రం ఆయాసపడి ఆగితే చక్రం వెనక్కి జారకుండా నేనూ చాచా బిడ్డా దూకి రాళ్ళు పెట్టేవాళ్ళం. రోడ్డు పక్కన రాళ్ళకు కరువు లేదు. ఆ పని మాకు ఎవరూ చెప్పలేదు, మేమే పెట్టుకున్నాం. దిగేటప్పుడు భయం ఉండేది కాదు. చక్రాలు రోడ్డు మీది మొరం కంకరలో దిగబడి వాటంతట అవే నెమ్మదిగా దొర్లేవి.

చలికాలం మొదట్లో సీతాఫలాల కోసం బండల సందుల్లో దూరేవాళ్ళం. గుడి పూజారి ఆ చెట్లు గుడివనేవాడు. ఎవరు నాటారో తెలియని చెట్లు ఎవరివైతే ఏమని మా వాదన. కళ్ళు విచ్చీ విచ్చని కాయలను కోసి, చాచా ఇంట్లో గుర్రం గడ్డి కింద మగ్గబెట్టేవాళ్ళం. గుర్రానికి వాసన తెలిసిపోయేది. ఒకసారి మేము దాచినవన్నీ గింజలతో సహా తిన్నది. చాచా దాన్ని ఏమీ అనకుండా మమ్మల్ని తిట్టాడు. "దానికి కడుపునొస్తే మీ బాపు వస్తడా డాక్టర్‌ని పిల్వనీకి?" అన్నాడు. ఆ రాత్రి దాని పక్కనే మంచం వేసుకున్నాడని ఖాలా తర్వాత చెప్పింది.

వానాకాలం వస్తే ఆ రోడ్డు రోడ్డుగా ఉండేది కాదు. పైనుంచి వచ్చే నీళ్ళకు మొరం కొట్టుకుపోయి మధ్యలో కాలువలు పడేవి. ఆ కుదుపులకు అవ్వ తుంటి నొప్పి పెరిగేది. ఒక శనివారం పైనుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, పళ్ళు బిగబట్టి, ఎవరికీ కనపడకుండా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బాపు చూశాడు. ఆ సాయంత్రమే చాచా ఇంటికి పోయాడు. నేనూ వెంట పోయాను.

"భాయ్, ఈ రోడ్డుకు డాంబర్ ఏపిద్దం" అన్నాడు బాపు.

చాచా గుర్రానికి నానబెట్టిన ఉలవలు పెడుతున్నాడు. చేతులు తుడుచుకుని లేచాడు. "ఏస్తరంటవా అన్నా? గింత గుట్టకు?"

"అడుగుదం. దినాం పోయి కూసుందం. ఎన్ని దినాలు కాదంటరు?"

"నేనొస్త. నా టాంగల పోదం. మా అవ్వకు తుంటినొప్పి తప్పుతదంటే నేను యాడికైన వస్త."

నిజంగానే పోయారు. ఆ వానాకాలమంతా మున్సిపాలిటీకి, అక్కడి నుంచి ఇంకెవరి దగ్గరికో, మళ్ళీ మున్సిపాలిటీకి. బాపు మాట్లాడేవాడు, చాచా పక్కన నిలబడేవాడు. రోడ్డు వాళ్ళలో కొందరు నవ్వారు, కొందరు వెంట పోయారు. ఒక ఏడు గడిచింది. మరుసటి ఎండాకాలంలో ఒక పొద్దున కింద బొగ్గుల దుకాణం దగ్గర కంకర లారీ వచ్చి ఆగింది. చాచా టాంగా నిలబెట్టుకుని, ఊరంతా వినపడేటట్టు "అన్నా! అచ్చింది!" అని అరిచాడు. బాపు అంగీ కూడా వేసుకోకుండా కిందికి ఉరికాడు.

పాలమూరు కూలీలు వచ్చి గోడ వెంట గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ పిల్లలు మా అరుగుల మీద నిద్రపోయేవాళ్ళు. అమ్మ వాళ్ళకు జొన్న గట్క, పచ్చిపులుసు పోసేది. పీపాల్లో డాంబరు ఉడికే వాసన ఇల్లంతా నిండి, అన్నం కూడా ఆ వాసనే వేసేది. మాకు మాత్రం పండగ. చల్లారిన డాంబరును ఉండలు చేసి ఆడుకునేవాళ్ళం. చాచా బిడ్డ జడకు ఒక ఉండ అంటుకుంది. ఖాలా కిరసనాయిలుతో రుద్దింది, కొబ్బరినూనెతో రుద్దింది, చివరకు ఏడుస్తూ ఉన్న పిల్లను పట్టుకుని జడ సగానికి కత్తిరించింది. తర్వాత ఖాలా కూడా ఏడ్చింది. రోలరు మా ఇంటి ముందు నుంచి పోతుంటే గూట్లో గిన్నెలు గలగలమనేవి. అవ్వ చెవులు మూసుకుని, "గిదంత నా తుంటికోసమేనారా?" అని నవ్వేది. బాపు ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

రోడ్డు నల్లగా, మెత్తగా తయారైంది. పక్కన పడి ఉన్న రాళ్ళన్నీ ఏరి లారీల్లో తీసుకుపోయారు. మొదటి శనివారం టాంగా అవ్వను ఒక్క కుదుపు లేకుండా పైకి తీసుకుపోయింది. చాచా గుర్రం మెడకు బంతిపూల దండ వేశాడు. "ఊయల్లో కూసున్నట్లున్నది" అంది అవ్వ. ఎండలున్నన్ని రోజులు అంతా బాగానే సాగింది. దిగేటప్పుడు గుర్రం కాళ్ళు కొద్దిగా తడబడుతున్నట్టు చాచాకు అనిపించిందట. కొత్త రోడ్డు, అలవాటవుతుందిలే అనుకున్నాడట.

మృగశిర కార్తె వచ్చింది. ఆ శనివారం పొద్దున సన్నటి వాన పడి వెలిసింది. పోదామా మానుదామా అని చాచా అడిగితే అవ్వ పోదామనే అంది. ఎక్కడం కష్టమైంది గాని ఎక్కాం. పైన ఎక్కువసేపు ఉండలేదు. దిగేటప్పుడు నేనూ అవ్వా వెనక సీటు మీద, వెనక్కి ముఖం పెట్టి కూర్చున్నాం. టాంగాలో కూర్చునేదే అట్లా. అందుకే ముందు ఏం జరిగిందో నాకు కనపడలేదు. నల్లటి రోడ్డు మా కాళ్ళ కింది నుంచి తొందర తొందరగా వెనక్కి పోవడం మాత్రం చూశాను. రాయి మీద ఇనుము గీసుకుంటున్న చప్పుడు విన్నాను. అది గుర్రం నాలల చప్పుడు.

"అవ్వా, గట్టిగ పట్టుకో!" అని చాచా అరిచాడు.

గుర్రం ముందు రెండో మలుపు. ఎడమ పక్క గోడ, గోడ అవతల లోయ. కుడి పక్క బండలు. చాచా పగ్గాలను రెండు చేతులా కుడికి గుంజాడు. గుర్రాన్ని తీసుకుపోయి బండకు కొట్టాడు. ఆయనకు వేరే దారి లేదు. ఇంకో గడియ ఆగితే గోడ దాటిపోయేవాళ్ళం.

టాంగా పక్కకు ఒరిగింది. నేను అవ్వ మీద పడ్డాను. నా మోచేయి చీరుకుపోయింది, అంతే. అవ్వ ఎడమ చెయ్యి ఆమె కిందే మెలిపడి విరిగింది. చాచా లేచి, ముఖం మీద నెత్తురు కారుతుండగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"నన్ను గాదురా," అంది అవ్వ. "దాన్ని సూడు, పో."

గుర్రం లేవాలని చూసింది. లేవలేకపోయింది. ముందు కాలు ఒకటి ఉండవలసిన తీరులో లేదు. చాచా రోడ్డు మీద కూర్చుని దాని తలను ఒడిలో పెట్టుకున్నాడు. జనం పోగయ్యారు. బాపు ఉరికి వచ్చి, అవ్వను ఎత్తుకుని, గుర్రం వైపు ఒక్కసారి చూసి అక్కడే నిలబడిపోయాడు. "ముందు అవ్వను తీస్కపో అన్నా" అని చాచాయే చెప్పాడు.

పశువుల డాక్టరు మధ్యాహ్నం వచ్చాడు. అమ్మ మా ఇద్దరినీ ఇంట్లోకి తోసి తలుపు వేసింది. చాచా బిడ్డ నా చెయ్యి పట్టుకుని ఉంది. బయట ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కాసేపటికి ఖాలా గొంతు ఒకటే వినిపించింది, తర్వాత అది కూడా లేదు. మళ్ళీ వాన పట్టింది. మేము తలుపు తీసి చూసేసరికి మలుపు దగ్గర రోడ్డు కడిగినట్టుంది. అక్కడ ఏమీ లేదు.

అవ్వ చేతికి పెద్దాసుపత్రిలో పిండికట్టు వేశారు. ఇంటికి తెచ్చిన రోజు బాపు ఆమె మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"తప్పంత నాదే అవ్వా. నేనే తిరిగి తిరిగి ఏపిచ్చిన."

 అవ్వ గోడ దిక్కు తిరిగి అంది. "నాకోసమే ఏపిచ్చినవ్ గద. గదే నన్ను తింటున్నది."

అంతకుమించి మాటలు జరగలేదు. కోపం కాదది. కోపమైతే ఒకరోజు అరుచుకుని తేలికపడేవాళ్ళు. ఆ తర్వాత ఏడాది పొడుగునా తల్లీకొడుకుల మధ్య "తిన్నవా", "మందేసుకున్నవా" తప్ప ఇంకో మాట నేను వినలేదు. చెయ్యి అతికినా అవ్వ అరుగు దిగలేదు. శనివారం వస్తే తలుపు వైపు చూడకుండా లోపలే ఏదో పని పెట్టుకునేది.

బాపు ఇంకో గుర్రం కొందామన్నాడు, సగం తాను పెడతానన్నాడు. చాచా ఒప్పుకోలేదు.

"ఇంకోటి గూడ గట్లనే పడ్తదన్నా. పడకపోయినా నాకు దినాం భయమే. భయంతోని నడుపుడు నాతోని కాదు."

మిగతా టాంగాలవాళ్ళు బొగ్గుల దుకాణం దగ్గరే ఆగిపోయారు. రిక్షావాళ్ళు ఆ ఏటవాలు చూసి నవ్వి వెనక్కి తిప్పుకుని పోయేవాళ్ళు. ఊళ్ళో అంత మంచి రోడ్డు ఇంకొకటి లేదు. కానీ దాని మీద పైకి పోవాలంటే సొంత కారన్నా ఉండాలి, గట్టి కాళ్ళన్నా ఉండాలి. ముసలివాళ్ళందరూ ఇళ్ళల్లో చిక్కుకుపోయారు. అట్లాగని రోడ్డు చెడ్డదని అనలేను. ఆ చలికాలంలో అమ్మకు నొప్పులు వచ్చి బిడ్డ అడ్డం తిరిగితే జీపు మా గుమ్మం దాకా వచ్చింది. తమ్ముడు ఆసుపత్రిలో క్షేమంగా పుట్టాడు. పాత రోడ్డయితే మంచం మీద మోసుకుపోవలసి వచ్చేది. ఏమయ్యేదో నేను ఆలోచించను.

చాచా అప్పటికే ఊరు విడిచాడు. దసరా వెళ్ళాక భార్యాబిడ్డలను తీసుకుని బోధన్ పోయాడు. పోయేటప్పుడు చాచా బిడ్డ తన గాజుల్లో రెండు నాకిచ్చింది. నేను ఏమిచ్చానో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

తమ్ముడు పుట్టిన తర్వాత కొన్నాళ్ళకు బాపు నన్ను బోధన్ తీసుకుపోయాడు. ఫ్యాక్టరీ ముందు రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు. ఎక్కడెక్కడి నుంచో రాత్రింబగళ్ళు నడిచి వచ్చి, తూకం కోసం ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. ఎడ్లు ఆకులు నములుతున్నాయి. గాలి అంతా తియ్యగా, బరువుగా ఉంది.  అక్కడ ఒక తాటిపత్రి గుడ్డ పందిరి కింద, కాళ్ళు కట్టి పడుకోబెట్టిన ఎద్దు ముందు కూర్చుని, దాని గిట్టలకు ఇనుప నాలలు కొడుతున్నాడు చాచా. అటు దిక్కు రోడ్లకు కూడా డాంబరు పడుతోంది. నాలలు లేకుండా ఎడ్లు నడవలేకపోతున్నాయి. ఎద్దు యజమాని మరాఠీలో తొందరపెడితే చాచా మరాఠీలోనే ఒకటి తగిలించాడు. గొంతు మునుపటిలాగే ఉంది.

నన్ను చూసి, "అరె, నా బిడ్డ ఎంత పొడుగైంది!" అన్నాడు. పక్క బండిలోంచి ఒక చెరుకు గడ గుంజి ముక్కలు కొట్టి ఇచ్చాడు. బండివాడు ఏమీ అనలేదు.

"అవ్వ ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది చాచా."

"గుట్టకు పోతున్నదా?"

నేను బాపు వైపు చూశాను. బాపు బండ్ల వైపు చూస్తున్నాడు.

"లేదు చాచా. అరుగు గూడ దిగుత లేదు."

చాచా సుత్తి కింద పెట్టాడు. కాసేపు ఎద్దు గిట్టను అరచేత్తో రుద్దుతూ ఉన్నాడు. "నేనొస్త" అన్నాడు. "ఫ్యాక్టరీ బంద్ కానీ. ఒక శనారం వస్త. చెప్పు అవ్వకు."

నేను చెప్పాను. అవ్వ "ఆఁ" అని ఊరుకుంది.

శ్రావణంలో ఒక శనివారం పొద్దున చాచా వచ్చాడు. తెల్లటి లాల్చీ, చేతిలో చిన్న బెల్లం ముద్ద. అరుగు మీద కూర్చోలేదు, లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి "అవ్వా, నడు" అన్నాడు.

"దేనిమీద తీస్కపోతవ్‌రా? టాంగనా, గుర్రమా?"

"నీ కాళ్ళమీదనే. నేను పక్కన ఉంట."

"ముసల్దాన్ని సంపుతవా ఏంది?"

"పొద్దంత ఉన్నదవ్వా. నిన్నెవలు ఉరుకుమన్నరు?"

అవ్వ చాలాసేపు ఆయన్నే చూసింది. తర్వాత కొంగు దోపుకుని లేచింది.

చెప్పులు వేసుకోకుండా, ఒక చెయ్యి చాచా భుజం మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి బయలుదేరింది. ముసురు పడుతోంది. బాపు గొడుగు తెచ్చి వాళ్ళిద్దరి మీదా పట్టి, తాను తడుస్తూ వెనక నడిచాడు. ఎవరూ ఆయన్ను రమ్మనలేదు, వద్దనలేదు. పది అడుగులు వేయడం, ఆగడం. ప్రతి అరుగు దగ్గరా ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి లేచేవాళ్ళు. ఒకరు మంచినీళ్ళు ఇచ్చారు, ఒకరు సల్ల ఇచ్చారు, ఒకామె వేడి వేడి సర్వపిండి తెచ్చి ముక్క నోట్లో పెట్టింది. ఏడాదిగా ఇల్లు కదలని అవ్వ ఆ పూట రోడ్డు మీది అందరి ఇళ్ళ సంగతులూ విన్నది. ఎవరికి పెళ్ళయింది, ఎవరికి కాన్పయింది, ఎవరు పోయారు.

రెండో మలుపు దగ్గర చాచా నడక ఆగింది.

"గిక్కడనేనా?" అంది అవ్వ.

"గిక్కడనే."

ఇద్దరూ కాసేపు నిలబడ్డారు. నా భుజం మీద అవ్వ వేళ్ళు బిగుసుకున్నాయి. వెనక గొడుగు మీద చినుకులు పడుతున్నాయి. "నడు" అంది అవ్వ.

గుడి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దండం పెట్టుకుని, ఎప్పటిలాగే వెనక బండ మీదికి పోయి కూర్చుంది. ఆమె కళ్ళకు అప్పటికే పొర కమ్మింది. మాకు కూడా కనిపించడానికి అక్కడ ఏమీ లేదు. ముసురు కిందికి దిగి ఊరిని కూడా కప్పేసింది.

"ఏం కనబడ్తున్నదిరా?" అని చాచాను అడిగింది.

చాచా కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "అంత మంచిగ కనబడ్తున్నదవ్వా. గదిగో ఎడపల్లి. నాట్లు ఏస్తున్నరు. గా పక్కన చెరుకు, మనిషెత్తు అయింది."

"గింత ముసురుల నీకెట్ల కనబడ్తున్నయిరా, అబద్ధాలోడా?"

చాచా పకపకా నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. అంత నవ్వు విని చాలా రోజులైంది. నవ్వు ఆగాక కాళ్ళు చాపుకుని, తడి అరికాళ్ళను చేత్తో తుడుచుకుంది. బాపు కొంచెం దూరంగా, ముడిచిన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వైపు తిరగకుండానే అవ్వ అంది.

"రోడ్డు మంచిగనే ఏపిచ్చినవ్ బిడ్డా. ఒక్క రాయి గుచ్చలే నాకు."

బాపు గుడి గోడ దిక్కు తిరిగి అంగీ చేతితో ముఖం తుడుచుకున్నాడు. వాన నీళ్ళే అనుకున్నాను అప్పుడు.

ఆ తర్వాత అవ్వ మళ్ళీ గుట్ట ఎక్కలేదు. ఇంకో రెండు వానాకాలాలు బతికింది. ట్రాక్టర్లు వచ్చి చెరుకు బండ్లు తగ్గేదాకా చాచా బోధన్‌లోనే ఉన్నాడు. తర్వాత బిడ్డ దగ్గరికి, నాందేడ్ దిక్కు పోయాడని విన్నాం. నేను పెళ్ళయి ఆ రోడ్డు విడిచాను. ఆ రోడ్డు మీద ఇప్పుడు నన్ను గుర్తుపట్టే మనిషి ఒక్కరూ లేరు. చూసి రావాలని ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు ఓపిక లేదు. ఉన్నా ఎవరి కోసం పోను?

ఆ రోజు దిగి రావడం మాత్రం ఇంకా గుర్తుంది. వాన వెలిసింది. అవ్వ ఒక చెయ్యి చాచా భుజం మీద ఉంది. రెండో చెయ్యి ఈసారి బాపు భుజం మీద వేసింది. నేను గొడుగు పట్టుకుని వెనక నడిచాను. బాపు మాట్లాడుతూనే ఉన్నాడు. తమ్ముడికి పళ్ళు వస్తున్నాయని, ఇంటి వెనక గోడ పడేటట్టుందని, రైలు రోజూ ఆలస్యమవుతోందని, ఏడాదిగా లోపల పెట్టుకున్నవన్నీ, ఒకటి అయిపోకముందే ఇంకొకటి. రెండో మలుపు దాకా అవ్వ ఊఁ కొట్టింది. తర్వాత ఆగి, ఊపిరి పీల్చుకుని, ఆయన భుజం మీద చెయ్యి తీయకుండానే అంది.

"ఇగ జర ఊకోరా నాయనా. ఇంటికి పోయినంక గూడ వింట గని."